ఏప్రిల్ ఎండకు కాదు, జులై మబ్బుకు లెక్క వేయండి: ట్రైలర్ ఇంటికి సోలార్

చక్రాల మీద ఇల్లు పెట్టుకుని ఏడాదంతా అందులోనే ఉండాలంటే సోలార్ ఎట్ల ప్లాన్ చేసుకోవాలి? ఇవాళ అదే చెప్తా. ముందు నేను చేసిన తప్పు చెప్పి, తర్వాత లెక్కలోకి పోదాం.

మాది పద్నాలుగు అడుగుల ట్రైలర్. పికప్ బండికి తగిలించి లాగుతాం. వరికోత మిషన్ల రిపేర్ నా పని. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... పని ఎక్కడుంటే మా ఇల్లు అక్కడ. అమ్మ నాతోనే ఉంటది. అమ్మకు షుగర్, ఇన్సులిన్ వాడుతది. వాడని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అందుకే మా ఇంట్లో ఫ్రిజ్ ఆగొద్దు.

2023 ఏప్రిల్‌లో జనగామ దగ్గర ఉన్నప్పుడు సోలార్ పెట్టించా. 400 వాట్ల ప్యానెల్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి. ఒక ఫ్యాన్, ఫ్రిజ్, నాలుగు లైట్లు. మస్తు నడిచింది. ఇంక కరెంటు గోస లేదనుకున్నా.

జులై చివరి వారం భూపాలపల్లి దగ్గర చెల్పూరు వైపు ఉన్నాం. ముసురు పట్టింది. రెండో రాత్రి అమ్మ లేపింది. "కొడుకా, ఫ్రిజ్జు సప్పుడు అయితలేదు" అన్నది. బ్యాటరీ ఖాళీ. చెల్పూరులోనే 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. అంత కరెంటు పుట్టే ఊరి పక్కన మేం చీకట్లో కూర్చున్నాం. తెల్లారి ఇన్సులిన్ తీసుకెళ్లి ఒక మెడికల్ షాపు ఫ్రిజ్‌లో పెట్టించా. వాన చల్లదనం కాబట్టి మందు ఖరాబు కాలేదు. అదే మే నెల అయితే?

ఆ వారమే, జులై 27న, మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరంతా మునిగింది. మనుషులు ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. వాళ్ల కష్టం ముందు మాది కష్టమే కాదు. కానీ రెండు సంగతులు తెలిసినయి. వానాకాలం వాగు దగ్గర ట్రైలర్ ఆపొద్దు. సోలార్ లెక్కను ఎండాకాలం చూసి వేయొద్దు.

ఇప్పుడు లెక్క. ప్యానెల్ కొనకముందు కాగితం తీయండి. ఏ వస్తువు ఎన్ని వాట్లు, రోజుకు ఎన్ని గంటలు? రెండూ గుణిస్తే వాట్ అవర్లు. వెయ్యి వాట్ అవర్లంటే మన కరెంటు బిల్లులో ఒక యూనిట్.

ఇప్పుడు మా ఇంటి లెక్క ఇది. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, 12 గంటలు: 720. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తాగుతది, దాన్ని మర్చిపోండి. డీసీ ఫ్రిజ్ ఆగుతూ నడుస్తది కాబట్టి రోజుకు 500. లైట్లు 100. ఫోన్లు 40. ల్యాప్‌టాప్ 150. నీళ్ల పంపు 20. మొత్తం 1530. వైర్లలో, ఇన్వర్టర్‌లో పోయేదానికి ఇంకో 20 శాతం కలిపితే దాదాపు 1840.

వంటకు గ్యాసే. ఇండక్షన్ పొయ్యి, ఏసీ పెడితే ఈ లెక్కంతా తలకిందులైతది.

తర్వాత ప్యానెల్. మన దగ్గర మంచి రోజుల్లో ఐదు గంటల పూర్తి ఎండతో సమానమైన వెలుగు వస్తది. నేను మామూలు వానాకాలం రోజుకు రెండున్నర గంటలు, గట్టి ముసురుకు ఒక్క గంట అని పట్టుకుంటా. ఆపైన వేడి, దుమ్ము, వైర్ల నష్టం పోను చేతికొచ్చేది ముప్పావు వంతే. నా పాత 400 వాట్ల ప్యానెల్ ముసురు రోజున ఇచ్చింది 300 వాట్ అవర్లు. ఫ్రిజ్‌కే 500 కావాలె. ఇంకెట్ల నిలబడతది?

ఇప్పుడు కప్పు మీద 330 వాట్లవి నాలుగు, అడ్డంగా పెట్టిన. మొత్తం 1320 వాట్లు. మామూలు వానరోజు 2475 వస్తది, ఖర్చు 1840, సరిపోతది. గట్టి ముసురు రోజు 990 మాత్రమే. ఇక్కడే అసలు కిటుకు. ఇంకో కాగితం మీద ముసురు లెక్క రాసుకోండి: ఫ్రిజ్ 500, ఒక ఫ్యాన్ 360, లైట్లు, ఫోన్లు కలిపి 100. మొత్తం 960. అంటే ఎంత చీకటి రోజైనా అవసరమైనవి ఆ రోజు వెలుగుతోనే దాదాపు గడుస్తయి. బ్యాటరీ మీద భారం పెద్దగా పడదు.

బ్యాటరీ సంగతి. ట్యూబులర్‌ను సగం కంటే ఎక్కువ వాడితే తొందరగా పాడైతది. లిథియం ఫాస్ఫేట్‌ను 90 శాతం దాకా వాడొచ్చు. నా దగ్గర 25.6 వోల్టుల 100 ఏహెచ్‌వి రెండు ఉన్నయి, అంటే ఐదు యూనిట్ల పైన. అంత పని చేయాలంటే ట్యూబులర్లు ఆరు కావాలె. ఒక్కోటి యాభై కిలోల పైనే. ట్రైలర్ ఇరుసు మీద ఆ బరువు ఆలోచించండి.

24 వోల్టులు ఎందుకంటే, 12 వోల్టుల కంటే కరెంటు సగమైతది, సన్న వైరు సరిపోతది. ఛార్జ్ కంట్రోలర్ ఎంపీపీటీ రకం, 60 ఆంపియర్లది పెట్టిన. 12 వోల్టుల వస్తువులకు వోల్టేజీ దించే కన్వర్టర్ ఉంది. బ్యాటరీ ప్లస్ దగ్గరే, జానెడు దూరంలో, ఫ్యూజ్ ఉండాలె. కదిలే బండిలో వైరు ఒరుసుకుంటది. ఫ్యూజ్ లేకుంటే నిప్పే. గ్యాస్ సిలిండర్, బ్యాటరీ ఒకే అరలో పెట్టొద్దు.

నీడ గురించి ఒక మాట. ఎండాకాలం మనకు వేపచెట్టు కావాలె, ప్యానెల్‌కు ఎండ కావాలె. ఒక్క కొమ్మ నీడ పడ్డా దాంతో కలిపిన ప్యానెళ్ల కరెంటు కూడా పడిపోతది. అందుకే ట్రైలర్‌ను ఎండలోనే ఆపుతా. కప్పుకు, ప్యానెల్‌కు మధ్య నాలుగు అంగుళాల ఖాళీ వదిలిన. గాలి ఆడి ప్యానెల్ చల్లబడతది, కప్పుకు గొడుగు పట్టినట్టూ ఐతది. మంచం మాత్రం చెట్టు కింద.

సబ్సిడీ అడిగేటోళ్లకు: 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు ఇస్తున్నారు. అది కరెంటు కనెక్షన్ ఉన్న ఇంటి కప్పుకు, గ్రిడ్‌కు కలిపే సోలార్‌కు. మన ట్రైలర్‌కు వర్తించదు. ఆ పైసలు నమ్ముకుని అప్పు చేయకండి.

కొత్త సెట్టుకు అసలు పరీక్ష 2024లో వచ్చింది. సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయినయి. మేం ఆ జిల్లాలోనే ఒక మెరక చేనులో ఉన్నాం. ముసురు కాగితం తీసి ల్యాప్‌టాప్, రెండో ఫ్యాన్ బంద్ చేసిన. మూడు రోజులు ఫ్రిజ్ ఆగలేదు. చుట్టుపక్కల నలుగురి ఫోన్లు కూడా మా దగ్గరే ఛార్జ్ అయినయి.

అయినా బండి ఇంజన్ నుంచి బ్యాటరీ ఎక్కించే ఛార్జర్ ఒకటి పెట్టుకోండి. సూర్యుడు మన బాకీదారు కాదు కదా.

ఇవాళ రాత్రే మీ వస్తువుల లెక్క రాయండి. రెండు కాగితాలు: ఒకటి మామూలు రోజుకు, ఒకటి ముసురుకు. షాపుకు ఆ తర్వాతే పోండి. ఉంటా మరి.