చెరకు బిల్లు పద్నాలుగు రోజుల్లో

చోడవరం దగ్గర గోవాడ పేరు చెప్పగానే సహకార చక్కెర ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. ఒకప్పుడు విశాఖ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. ఇదే సీమలోని ఏటికొప్పాకలో 1933లోనే రైతులు సహకార ఫ్యాక్టరీ పెట్టుకున్నారు.

సహకార సంఘంలో పది సెంట్లున్నా పదెకరాలున్నా సభ్యుడికి ఓటు ఒక్కటే. చిన్న రైతుకు ఇది పెద్ద బలం. కానీ ఓటు ఒక్కటే ఇల్లు గడపదు, బిల్లు కూడా వేళకు రావాలి.

చెరకుకు కనీస ధరను కేంద్రమే ప్రకటిస్తుంది. 2024-25 సీజనుకు 10.25 శాతం చక్కెర రికవరీపై టన్నుకు 3,400 రూపాయలు ప్రకటించింది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సరుకు అందిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి.

కాటా దగ్గర ట్రాక్టరు వరుసలో నిలబడి ఉండగానే చెరకు ఎండి బరువు తగ్గుతుంది. నరికిన కూలీలకు మాత్రం రైతు వెంటనే కూలి ఇవ్వాలి. బిల్లు ఆగితే అప్పు తప్పదు.

కౌలు రైతు కష్టం ఇంకా ఎక్కువ. అతని కోసమే 2019లో రాష్ట్రం పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. కానీ ఆ చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందంపై భూయజమాని సంతకం చేస్తేనే సాగుదారుగా గుర్తింపు కార్డు వస్తుంది.

ధర, గడువు, గుర్తింపు, ఈ మూడూ అమలైతేనే పల్లెలో పేదరికం తగ్గుతుంది. మీ కాటా చీటీలు జాగ్రత్త చేసుకోండి, గడువు దాటితే వడ్డీ అడగండి.