కొండమీద జీడి – కుండలో చోళ్ళు
(ప్రసంగ పాఠం)



జీడితోటను గూర్చి పలాస, టెక్కలి ప్రాంతాల రైతులకు నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు. ఉద్దానం ఇసుకనేలలు మొదలు మందస, మెళియాపుట్టి కొండవాలుల దాకా జీడి వ్యాపించినది. నేడు నేను చెప్పదలచినది ఆ తోట వెనుకనున్న వంటింటిని గూర్చి. ముఖ్యంగా మన కొండలలోని సవర కుటుంబాల తిండి ఎట్లు మారినదో, అందులో లాభమెంతో, నష్టమెంతో ఆలోచించెదము.

పూర్వము సవరల జీవనాధారము కొండపోడు. తొలకరికి ఒకే చెక్కలో చోళ్ళు, సామలు, కొర్రలు, జొన్నలు, కందులు, బొబ్బర్లు కలిపి చల్లేవారు. ఇందులో గొప్ప తెలివి ఉన్నది. ఈ పంటలన్నీ ఒకేసారి కోతకు రావు. సామలు ముందు వచ్చును; తరువాత చోళ్ళు, జొన్నలు; సంక్రాంతి నాటికి కందులు. ఒకటి పోయినా మరొకటి నిలుచును. అడవిలోని దుంపలు, ఆకుకూరలు, జీలుగు కల్లు దీనికి తోడు. అయితే ఆ కాలమంతా బంగారము కాదు. వానాకాలములో గాదె ఖాళీ అయ్యేది. మామిడి టెంకల పిండితో అంబలి కాచుకొని పొట్ట నింపుకొన్న ఇండ్లు ఎన్నో ఉండేవి.

1983లో మన రాష్ట్రములో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. ఆ తరువాత ధరలు మారినా, చౌక బియ్యము ఆగలేదు. అది ఆకలి నెలలను తగ్గించినది. ఆ మేలు మరువరాదు. అట్లే పోడు తగ్గి జీడి పెరిగినది. జీడి చేతికి రొక్కము తెచ్చినది. పిల్లల చదువు, ఇంటి పైకప్పు, వైద్యము ఆ రొక్కముతోనే జరుగుచున్నవి.

మరి నష్టమెక్కడ? పోడు అనేక పంటలతో సంవత్సరము పొడుగునా కుండ నింపేది. జీడి ఒక్క వేసవిలో, ఒక్కసారి డబ్బు ఇచ్చును. ఆ డబ్బు ఆషాఢము దాకా నిలుచుట అరుదు. ఆపై పూత చూపించి అప్పు తెచ్చుట, పిక్కలు రాలకముందే ధర ఒప్పుకొనుట జరుగుచున్నది. ఒక్క చెట్టునే నమ్ముకొన్న ఇంటికి గాలివాన మరొక ప్రమాదము. 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరము దాటిన తిత్లీ తుపాను జీడి, కొబ్బరి తోటలను ఎట్లు కూల్చినదో మీరు కన్నులారా చూచితిరి. తిరిగి నాటిన జీడిమొక్క కాపుకు వచ్చుటకు మూడు నాలుగు ఏండ్లు పట్టును.

ఇక కుండ సంగతి. బాగా మరపట్టిన బియ్యము నూరు గ్రాములలో సున్నము పది మిల్లీగ్రాములకు మించదు. నూరు గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాములుండును. పెద్దవారికి రోజుకు కావలసినది వెయ్యి మిల్లీగ్రాములు. పాలిచ్చు తల్లికి ఇంకా ఎక్కువ. పాలు తక్కువగా వాడే కొండ ఇండ్లలో ఎముకకు బలము చోళ్ళ నుండియే వచ్చేది. చోళ్ళు పోయి ఆ చోటికి బియ్యమే వచ్చినచో కడుపు నిండును గాని లోటు తీరదు. పప్పు కూడ తగ్గినచో పిల్లల ఎదుగుదల కుంటుపడును.

చోళ్ళు ఎందుకు వదిలితిరని అడిగినచో ఆడవారు సరియైన కారణమే చెప్పుదురు. సామలు, కొర్రలు దంచి పొట్టు తీయుటకు రోటి దగ్గర ఎంత సేపు పట్టునో దంచినవారికే తెలియును. రేషను బియ్యము కడిగి వండుటే పని. కనుక మొదట చోళ్ళతోనే ఆరంభింపవలెను. వీటికి పొట్టు తీయు పని లేదు. పిండిమర ఉన్న చాలును.

నేను జీడి మానుమని గాని, బియ్యము వద్దని గాని చెప్పుట లేదు. ఈ నాలుగు పనులు చేసి చూడుడు.

1. తోటలో ఎండ పడే చోట 20 సెంట్లు ఇంటి తిండికి విడువుడు. జీడి లేతగా ఉన్న మొదటి మూడేండ్లు వరుసల మధ్యనే వేయవచ్చును. చెట్లు కమ్ముకొన్న తరువాత నీడలో పంట రాదు. మూడు నాలుగు వారాల చోడినారు నాటి, నడుమ కంది సాళ్ళు వేయుడు. ఎకరమునకు 5 క్వింటాళ్ళ లెక్కన పండినా, ఆ 20 సెంట్లలో నూరు కిలోలు వచ్చును. ఐదుగురున్న ఇంటికి మనిషికి నూరు గ్రాముల చొప్పున వారానికి దాదాపు నాలుగు రోజులు సరిపోవును.

2. చోళ్ళను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టించుడు. మొలక వచ్చిన గింజలోని ఇనుము, సున్నము ఒంటికి బాగుగా పట్టును. పసిపిల్లలకు ఆ జావ మంచిది.

3. జీడిపండ్లను చెట్టు క్రింద కుళ్ళనీయకుడు. నారింజను మించిన సి విటమిను అందులో ఉన్నది. ముక్కలు కోసి ఉప్పునీట నానవేసినచో వగరు తగ్గును. పప్పులో కొంత పిల్లలకు ఉంచుడు. పచ్చి పిక్కను మాత్రము పిల్లల చేతికి ఈయరాదు. పెంకులోని జీడి చర్మమును, నోటిని కాల్చును.

4. పూతమీద బేరము చేయకుడు. పది ఇండ్లవారు కలిసి పిక్కలు బాగుగా ఎండబెట్టి, తూకము వేసి అమ్మినచో బేరమాడు బలము వచ్చును. తిండిగింజలు ఇంట ఉన్నవానికే ధర కొరకు ఒక నెల ఆగు శక్తి ఉండును.

ఈ చివరి మాట గట్టిగా పట్టుకొనుడు. ఇరవై సెంట్ల చోళ్ళు ఒంటికే కాదు, జీడి బేరానికి కూడ బలమే.

2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరముగా ప్రకటించినది. ఆ ఏడు మార్చిలోనే మన రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలకు రాగిజావ ఇచ్చుట ఆరంభమైనది. పట్టణవాసులు నేడు వెదకి కొనుచున్న గింజ మన కొండవారి తాతముత్తాతల గింజయే. మీ ఊరిలో ఏ అవ్వ దగ్గరనైనా చోడి విత్తనము, సామ విత్తనము మిగిలియున్నచో ఈ తొలకరికే ఒక దోసెడు అడిగి తెచ్చుకొని నాటుడు. పండిన తరువాత రెండు దోసెళ్ళుగా ఆమెకు తిరిగి ఇచ్చుట మన మర్యాద.