షెరీఫ్ ఎవరి మనిషి?



షెరీఫ్ అనగానే మనలో చాలామందికి ఉర్దూలోని 'షరీఫ్' స్ఫురిస్తుంది. మర్యాదస్థుడు, పెద్దమనిషి అని దాని అర్థం. కానీ ఈ రెండు మాటలకూ ఏ చుట్టరికమూ లేదు. ఆంగ్లో-సాక్సన్ల కాలపు ఇంగ్లండులో జిల్లావంటి విభాగాన్ని 'షైర్' అనేవారు. అక్కడ రాజుగారి పనులు చక్కబెట్టే ఉద్యోగి 'రీవ్'. ఆ రెండు మాటలు జనం నోట నలిగి షెరీఫ్ అయ్యాయి. రాజుకు రావలసిన సొమ్ము రాబట్టడం, నేరస్థులను బంధించడం, అవసరమైతే ఊళ్లలోని మగవారిని పోగుచేసి దొంగల వెంట పంపడం అతని విధులు. ఇన్ని అధికారాలు ఒకే చేతిలో ఉంటే ఏమి జరుగుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. 1215 నాటి మాగ్నా కార్టాలో షెరీఫుకు పగ్గాలు వేసే నిబంధనలు పలుచోట్ల కనిపిస్తాయి. యజమాని సమ్మతి లేనిదే అతని గుర్రాన్నీ బండినీ షెరీఫు తీసుకోరాదని కూడా అందులో వ్రాసుకోవలసి వచ్చింది.

ఆంగ్లేయులు ఈ పదవిని మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాలకు కూడా తెచ్చారు. కాలక్రమంలో అది ఇక్కడ ఒక గౌరవ పదవిగా మిగిలింది. దిలీప్ కుమార్‌గా మనమెరిగిన యూసుఫ్ ఖాన్ 1980లో బొంబాయి షెరీఫు అయ్యారు. ఆయన చేతిలో జైలూ లేదు, తుపాకీ పట్టిన బలగమూ లేదు.

అమెరికాలో కథ వేరు. వర్జీనియాను 1634లో కౌంటీలుగా విభజించినప్పుడే షెరీఫు వచ్చాడు. తరువాతి కాలంలో ఆ పదవి ప్రజల ఓటు కిందికి వచ్చింది. నేడు ఆ దేశంలో మూడు వేలకు పైగా కౌంటీలున్నాయి. అత్యధిక రాష్ట్రాలలో షెరీఫు ఎన్నికైనవాడే, చాలాచోట్ల నాలుగేళ్లకొకసారి. మన ఎస్పీని ప్రభుత్వం రాత్రికి రాత్రి బదిలీ చేయగలదు. అక్కడి షెరీఫును పై అధికారి ఎవరూ బదిలీ చేయలేరు. నగరాల పరిధి వెలుపల గస్తీ, కోర్టులకు కాపలా, సమన్ల అందజేత, కోర్టు ఆజ్ఞపై ఇల్లు ఖాళీ చేయించడం సాధారణంగా అతని కార్యాలయం పనులే. అన్నిటికీ మించి, చాలా రాష్ట్రాలలో కౌంటీ జైలు తాళాలు అతని దగ్గరే ఉంటాయి. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు కారు ఆపిన అధికారిగానో, గుమ్మంలో నోటీసుతో నిలిచిన మనిషిగానో ఈ కార్యాలయం పరిచయమవుతుంది.

ఆ తాళాల సంగతి చెప్పుకుందాం. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో 2006లో ఒక ముస్లిం మహిళను కోర్టు ఆవరణలోని నిర్బంధ గదిలో ఉంచారు. దానిని నడిపేది షెరీఫు శాఖ. పరాయి పురుషుల ఎదుట ఆమె చేత హిజాబ్ తీయించారు. ఖైదీల మతస్వేచ్ఛను కాపాడే 2000 నాటి చట్టం కింద ఆమె దావా వేస్తే, కొద్ది గంటలు ఉంచే గదికి ఆ చట్టం వర్తించదని కౌంటీ వాదించింది. తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు విస్తృత ధర్మాసనం 2011లో ఆ వాదాన్ని త్రోసిపుచ్చింది. కొద్ది గంటలైనా నిర్బంధం నిర్బంధమే కదా!

అయితే కోర్టు దారి పొడవైనది. షెరీఫును దించే దారి మరొకటున్నది. అలబామాలోని డాలస్ కౌంటీని చూడండి. సెల్మా పట్టణం దాని కేంద్రం. జనాభాలో సగానికి మించి నల్లజాతివారు. ఓటు హక్కు ఉన్నవారు మాత్రం నూటికి రెండు మూడు వంతులు. షెరీఫు జిమ్ క్లార్క్ 'ఎన్నటికీ కాదు' అన్న బిళ్ల తగిలించుకుని తిరిగేవాడు. ఓటరు నమోదుకు కోర్టు మెట్ల దగ్గర వరుసలో నిలిచినవారిని అరెస్టు చేయించేవాడు. పాతకాలపు ఇంగ్లండులో దొంగల కోసం పోగుచేసిన ఆ జనబలగమే ఇక్కడ 'పోసీ' పేరుతో లాఠీలు పట్టింది. 1965 మార్చి 7న వంతెన దాటుతున్న సుమారు ఆరువందల మందిపై రాష్ట్ర పోలీసులతో పాటు గుర్రాలెక్కి విరుచుకుపడినది ఆ బలగమే.

అదే ఏడాది ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది. 1966 మే నెలలో డెమోక్రటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నికలలో క్లార్క్‌పై విల్సన్ బేకర్ నిలిచాడు. నల్లజాతివారి ఓట్లు అధికంగా ఉన్న ఆరు పెట్టెలను పార్టీ కౌంటీ కమిటీ పక్కన పెట్టింది. ఫెడరల్ కోర్టు జోక్యం చేసుకుని లెక్కించమన్నది. క్లార్క్ ఓడిపోయాడు. బేకర్ సమానత్వవాదేమీ కాదు. ఓటర్ల ముందున్నది ఎక్కువ చెడుకూ తక్కువ చెడుకూ మధ్య ఎంపిక. ఆ ఎంపికను వారు చిన్నచూపు చూడలేదు.

పొరుగునున్న లౌండ్స్ కౌంటీలో నూటికి ఎనభై మంది నల్లజాతివారే. 1965 ఆరంభానికి వారిలో ఒక్కరికీ ఓటు లేదు. ఆ మార్చిలో మొట్టమొదట నమోదైన ఇద్దరిలో జాన్ హ్యూలెట్ ఒకరు. 1970లో ఆ కౌంటీ ఓటర్లు ఆయననే షెరీఫుగా ఎన్నుకున్నారు.