సగము ఆయుష్షు

రాజమహేంద్రవరములో, రాజరాజనరేంద్రుని కొలువులో, నన్నయభట్టారకుడు భారతమును తెనిగింప పూనుకొన్నాడు. ఆయన వ్రాసిన ఆదిపర్వములో రురుని కథ ఉన్నది. రురుడు మునికుమారుడు. ప్రమద్వర అనే కన్యతో అతనికి వివాహము నిశ్చయమైనది. ముహూర్తము దగ్గరపడిన వేళ ఆమెను పాము కరచినది. విలపిస్తున్న రురునితో దేవదూత ఒక మాట చెప్పినాడు. నీ ఆయుస్సులో సగము ఇస్తే ఈమె బ్రతుకుతుందన్నాడు. రురుడు క్షణము ఆలోచింపక ఇచ్చివేసినాడు. ఆమె నిద్రలేచినట్లు లేచినది.

సావిత్రి కథ తెలియని తెలుగిల్లు లేదు. రురుని కథ తెలిసిన ఇండ్లు మాత్రము తక్కువే. భర్త ప్రాణము కొరకు భార్య పడిన పాటును మనము వ్రతముగా చేసుకొన్నాము. ప్రియురాలి ప్రాణము కొరకు పురుషుడు ఇచ్చినదానిని పుస్తకములోనే ఉంచినాము. ఈనాటి ప్రసంగమునకు ఈ రెండు కథలూ అవసరమే. ఎందుకంటే, ఆయుస్సులో సగము ఇవ్వడమనేది ఈ కాలములో మన గోదావరి సీమలోని ఎన్నో ఇండ్లలో అక్షరాలా జరుగుతున్నది. నేను చెప్పబోయేది మూత్రపిండములు చెడి, డయాలిసిస్ మీద బ్రతుకు సాగిస్తున్నవారిని గురించి, వారిని కనిపెట్టుకొని ఉన్న భార్యలను గురించి, భర్తలను గురించి.

మూత్రపిండము గుప్పెడంత అవయవము. ఒక్కొక్కదానిలో సుమారు పదిలక్షల సూక్ష్మమైన వడపోత సాధనములు ఉంటవి. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, అందులో ఒకటిన్నర లీటరు మాత్రము మూత్రముగా బయటికి పంపి, తక్కినదంతా తిరిగి రక్తమునకు అప్పగిస్తవి. మధుమేహము వలన, రక్తపుపోటు వలన, మరికొన్ని కారణముల వలన ఇవి క్రమముగా క్షీణిస్తవి. ఒకసారి పూర్తిగా క్షీణించిన తరువాత మందులతో తిరిగి కోలుకోవు. అప్పుడు రక్తమును యంత్రము ద్వారా శుద్ధి చేయవలసి వస్తుంది.

ఈ యంత్రమును 1943లో, యుద్ధకాలమున, హాలెండు దేశములో కోల్ఫ్ అనే వైద్యుడు తయారుచేసినాడు. తొలిరోగులు దక్కలేదు. 1945లో స్పృహ కోల్పోయిన 67 ఏండ్ల ఆమె ఒకతె ఈ యంత్రము వలన బ్రతికి బయటపడినది. కన్ను తెరవగానే ఆమె అన్న మాట, మా ఆయనకు విడాకులిస్తాను అని! ఇది కోల్ఫ్ స్వయముగా చెప్పుకొన్న ముచ్చట. నవ్వు వస్తుంది, కాని ఇందులో ఒక సత్యమున్నది. జబ్బు మనుషులను దానంతట అది దగ్గర చేయదు. ముందున్న ప్రేమను పెంచవచ్చు; ముందున్న కలతను కూడా పెంచవచ్చు. రెండింటిలో ఏది జరుగుతుందనేది ఆ ఇంటివారి ప్రయత్నము మీద ఆధారపడి ఉంటుంది.

1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున స్క్రిబ్నర్ అనే వైద్యుడు రక్తనాళములకు శాశ్వతముగా ఒక గొట్టమును అమర్చే ఉపాయము కనిపెట్టినాడు. అంతవరకు కొద్దిసార్లు మాత్రమే సాధ్యమైన చికిత్స అప్పటినుంచి ఏండ్ల తరబడి సాగించడానికి వీలైనది. మన దేశములో జయప్రకాశ్ నారాయణ్‌గారు 1975లో నిర్బంధములో ఉండగా మూత్రపిండములు చెడి, 1979లో గతించేవరకు డయాలిసిస్ మీదనే జీవించినారు. 1977లో ప్రతిపక్షములను ఏకము చేసి కేంద్రములో ప్రభుత్వమును మార్పించినది ఆ స్థితిలోనే. ఆయన అర్ధాంగి ప్రభావతీదేవి 1973లోనే కన్నుమూసినది. రక్తశుద్ధి చేయించుకొనే మనిషి పనికిమాలినవాడు కాడని చెప్పడానికి ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

ఆ రోజులలో ఇది మహానగరములకే పరిమితమైన వైద్యము. 2007లో మన రాష్ట్రమున ఆరోగ్యశ్రీ పథకము మొదలైనది. 2016లో కేంద్రము జాతీయ డయాలిసిస్ కార్యక్రమమును ప్రకటించినది. నేడు కాకినాడ, రాజమహేంద్రవరము, ఏలూరు వంటి పట్టణములలో ఈ చికిత్స లభిస్తున్నది. అయినా లెక్క వేసి చూడండి. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు. ఏడాదికి 624 గంటలు యంత్రము ప్రక్కనే గడచిపోతవి. లంక గ్రామమునుంచి పట్టణమునకు రాకపోకల కాలము, ఇంటికి చేరిన తరువాత నీరసముతో పడుకొనే కాలము దీనికి అదనము. రోగితోపాటు ఆ గంటలన్నీ వెచ్చించే మనిషి మరొకరున్నారు. వారిని గురించి ఆసుపత్రి కాగితములలో ఒక్క గీటు ఉండదు.

మనది నీటి సీమ. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరము వద్ద ఆనకట్ట పూర్తిచేసిననాటినుంచి కాలువ లేని ఊరు, చెరువు లేని పేట మనకు అరుదు. ఇటువంటి చోట పుట్టి పెరిగిన మనిషికి వైద్యుడు, రోజుకు ఇన్ని గ్లాసులే నీరు అని గిరి గీస్తాడు. సాధారణముగా ముందురోజు వెళ్ళిన మూత్రము ఎంతో అంత, దానిపైన అరలీటరో మరి కొంచెమో. మజ్జిగ, చారు, కాఫీ కూడ ఆ లెక్కలోనివే. అదే మనిషి రక్తమును ఒక్కసారి శుద్ధి చేయడానికి యంత్రము సుమారు 120 లీటర్ల ద్రవమును వాడుతుంది. వంటికి అంత నీరు కావలెను, గొంతుకు మాత్రము దక్కదు. ఇదీ ఈ వ్యాధి పెట్టే పరీక్ష.

కోనసీమలో ఇంటికి వచ్చినవారికి కొబ్బరిబోండము కొట్టి ఇవ్వడము మర్యాద. ఒంటికి చలువ అనే నమ్మకము కూడ ఉన్నది. డయాలిసిస్ రోగికి ఆ బోండమే ప్రాణాంతకము కావచ్చు. అందులో పొటాషియము అధికము. చెడిన మూత్రపిండములు దానిని బయటికి పంపలేవు. రక్తములో అది హెచ్చితే గుండె లయ తప్పుతుంది. అరటిపండు సంగతీ ఇంతే. ఆవకాయలోని ఉప్పు దాహమును పెంచుతుంది. దాహము నీటిని త్రాగిస్తుంది. నీరు ఊపిరితిత్తులలో చేరి రాత్రివేళ ఆయాసము తెస్తుంది. ఉప్పుకు బదులుగా అమ్మే కొన్ని రకముల ఉప్పులలో పొటాషియమే ఉంటుంది కనుక వైద్యుని అడుగక వాడరాదు. కూరగాయలను తరిగి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోసి వండుకొంటే కొంత మేలు. ఈ లెక్కలన్నీ మనసులో పెట్టుకొని రెండు పూటలా వంట చేసే ఇల్లాలు ఏ వైద్యునికీ తీసిపోదు.

ఇక విశ్వాసము మాట. కష్టము వచ్చిన ఇంటిలో దైవస్మరణ హెచ్చడము సహజము. అన్నవరమునకు, ద్వారకాతిరుమలకు మొక్కుకొనేవారున్నారు. మందిరములో మోకరించేవారున్నారు, మసీదులో దువా చేసేవారున్నారు. ఇందులో ఆక్షేపింపదగినది ఏమీ లేదు. ఆక్షేపింపదగినవి మూడున్నవి. చికిత్స మాని మొక్కుమీదనో, తెలియని ఆకుపసరుమీదనో ఆధారపడడము ఒకటి. రెండు మూడు విడతలు తప్పితే మనిషి దక్కడము కష్టము. ఉపవాసములు, తీర్థములు వైద్యునితో చెప్పక పాటించడము రెండవది. డయాలిసిస్‌లో మాంసకృత్తులు కొంత పోతవి కనుక రోగికి చక్కని ఆహారము కావలెను. కార్తిక సోమవారములని పస్తుండరాదు. వ్యాధిగ్రస్తునికి రంజాను ఉపవాసమునుంచి ఇస్లాము మినహాయింపు ఇచ్చినది. పుష్కరస్నానము పుణ్యమే, మెడలో గొట్టము ఉన్నవాడు నదిలో మునిగితే రక్తమునకు చీము పట్టే ప్రమాదమున్నది, తలమీద ఒక చుక్క చల్లుకొంటే చాలును. మూడవది అన్నిటికన్న క్రూరమైనది. ఏ జన్మలో ఏ పాపము చేసినారో అని, కోడలి పాదము మంచిది కాదని అనడము. మధుమేహమునకు పాపపుణ్యములు తెలియవు. ఆ మాటలు అనే చుట్టమును గుమ్మము దగ్గరే ఆపడము కూడ దాంపత్యధర్మములో భాగమే.

మరి విశ్వాసము చేయగల మేలు ఏమిటి? డెల్టాలోని ఒక పట్టణములో, డయాలిసిస్ గది బయట బల్లమీద కూర్చుండిన ఒక ఇల్లాలితో మాట్లాడినాను. ప్రక్కన క్యారియరు, చేతిలో చిన్న పుస్తకము. అందులో భర్త బరువు, త్రాగిన నీరు, రక్తపుపోటు తేదీలవారీగా వ్రాసి ఉన్నవి. మీరు మొక్కుకొంటారా అమ్మా అని అడిగినాను. ఆమె ఇట్లా అన్నది: “మొక్కుకుంటానండి. కాని మొక్కు మార్చుకున్నానండి. ఇదివరకు జబ్బు పోగొట్టమని మొక్కేదాన్ని. ఇప్పుడు, ఈ పూట నాకు విసుగు రాకుండా చూడు స్వామీ అని మొక్కుతున్నానండి. ఈ పూట ఒక్కటే. రేపటిది రేపు అడుగుతానండి.”

ఇంతకన్న గొప్ప వేదాంతము నేను వినలేదు. దైవముతో బేరము మానినది ఆమె. దైవమును తన పనిలో తోడుగా పిలుచుకొన్నది. అన్నవరములో సత్యనారాయణ వ్రతమునకు దంపతులు ప్రక్కప్రక్కన కూర్చుంటారు. వ్రతమంటే నియమము, తిథి తప్పకపోవడము, కొలత తప్పకపోవడము. వారానికి మూడునాళ్ళు గడియ తప్పక ఆసుపత్రికి చేరడము, నీటిని కొలిచి పోసుకోవడము, చేతిమీద ఫిస్టులాను రోజూ పరీక్షించుకోవడము – ఇవి వ్రతము కాక మరేమిటి? రక్తశుద్ధి కొరకు చేతిలో రెండు రక్తనాళములను కలిపిన చోటును ఫిస్టులా అంటారు. ప్రొద్దున్నే దానిమీద వ్రేళ్ళు పెట్టి చూస్తే, పిల్లి గురగురలాడినట్లు సన్నని అదురు తెలియవలెను. తెలియకపోతే వెంటనే ఆసుపత్రికి పోవలెను. రోజూ భార్య చేతినో భర్త చేతినో పట్టుకొని ఆ అదురును చూచుకొనే దంపతులు పాణిగ్రహణమును ప్రతి ఉదయము తిరిగి చేసుకొంటున్నారని నాకు తోస్తుంది.

రోగి భార్య అయినప్పుడు మరొక చిక్కు వస్తుంది. ఫిస్టులా ఉన్న చేతికి బిగుతు గాజులు పనికిరావు. ఒక చేయి బోసిగా ఉండడము మన ఆడవారికి ప్రాణసంకటము. అప్పుడు భర్త, ఒక చేతి గాజులు చాలునే, నీవుంటే అదే మనకు ఐదోతనము అని నోరు తెరచి చెప్పవలెను. ఆ మాట మందుకన్న బాగా పనిచేస్తుంది. బరువు బిందె ఆ చేత మోయనీయకుండా తానే మోయవలెను.

1994 నాటి చట్టము ప్రకారము భార్యకు భర్త, భర్తకు భార్య మూత్రపిండమును దానము చేయవచ్చును. 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో మన దేశపు తొలి విజయవంతమైన మార్పిడి జరిగినది. కాని ఒక్క సంగతి గమనించండి. మన దేశములో బ్రతికి ఉండి దానము చేసేవారిలో స్త్రీలే అధికము. పుచ్చుకొనేవారిలో పురుషులు అధికము. సావిత్రులకు కొదువ లేదు, రురులే కరవైనారు. దానము చేయడము, చేయకపోవడము ఎవరి ఇష్టము వారిది. వైద్యుడు కాదన్నా, మనసు వెనుదీసినా, అది ప్రేమకు తక్కువ కాదు. కాని భార్య ఇవ్వవలసినదేనని, భర్త ఇవ్వనక్కరలేదని ఇంటిలోని పెద్దలు ముందే తీర్మానించడము మాత్రము న్యాయము కాదు.

ఎఱ్ఱన చెప్పిన సావిత్రి కథలో నాకు నచ్చినది యముని ఓడించిన ఘట్టము కాదు. భర్తకు ఏడాదే ఆయుస్సని ఆమెకు పెండ్లికి ముందే తెలుసును. తెలిసి ఆ ఏడాది అంతా అత్తమామలకు సేవచేస్తూ, భర్తతో నవ్వుతూ కాపురము చేసినది. ఆ ఏడాదిని ఏడుపుతో పాడుచేయలేదు. డయాలిసిస్ ఇంటివారు నేర్వవలసినది అదే. ఎన్నాళ్ళో తెలియదు. తెలియని ఆ కాలములో పిల్లల చదువులు, పండుగ పిండివంట, సాయంత్రము రేడియోలో పాట – వీటిని ఎత్తిపెట్టవద్దు.

కడపటి మాట కనిపెట్టుకొని ఉన్నవారితో చెబుతున్నాను. రోగి పథ్యము వండి తాము తినక, రాత్రులు నిద్రపోక, తమ రక్తపుపోటును తాము చూపించుకొనక కృశించిపోయేవారు ఎందరో. అది త్యాగమని మనము మెచ్చుకొంటాము. మెచ్చుకొనడము మాని, వారములో ఒకనాడు కొడుకో మరిదో ఆడపడుచో ఆసుపత్రికి పోయి ఆ బల్లమీద కూర్చుంటే, ఆ ఇల్లాలు ఒక్క పూట కంటినిండా నిద్రపోతుంది. అలసినానని చెప్పడము పాపము కాదు. విసుగు రావడము ప్రేమ లేకపోవడము కాదు.

రురుడు తన ఆయుస్సులో సగమే ఇచ్చినాడు. దేవదూత అడిగినది సగమే. మొత్తము ఇచ్చి ఉంటే ప్రమద్వర లేచేది, లేచి ఒంటరిగా మిగిలేది. రెండవ సగము అతని దగ్గర ఉన్నది కనుకనే ఇద్దరూ కలిసి బ్రతికినారు. సగము ఇవ్వండి, సంతోషముగా ఇవ్వండి. మిగిలిన సగమును జాగ్రత్తగా కాపాడుకొనండి. మీ తోడు మనిషికి అది కూడ అవసరమే.