ప్రజాస్వామ్యము - మానవహక్కు



రంగూను పేరు తెలుగువారికి క్రొత్త కాదు. కళింగాంధ్ర, గోదావరి తీరములనుండి కూలికై ఓడలెక్కి ఆ రేవున దిగినవారు వేలకొలది. ఆ బర్మాలో, అనగా నేటి మియన్మారులో, 1990 మే 27వ తేదీన ఎన్నికలు జరిగినవి. ఆంగ్ సాన్ సూకీ గృహనిర్బంధములో నుండగనే ఆమె పక్షమునకు 485 స్థానములలో 392 లభించినవి. సైనిక పాలకులు గద్దె దిగరైరి. వోట్లు లెక్కింపబడినవి, అధికారము మాత్రము చేతులు మారలేదు.

అట్టి తరి ఆ ప్రజలు ఎవరితో మొరపెట్టుకొనవలెను? ప్రజాస్వామ్యమును మానవహక్కుగా అంతర్జాతీయ న్యాయము కాపాడవలెనా యను ప్రశ్న పండితగోష్ఠికి మాత్రమే చెందినది కాదు.

1948 డిసెంబరు 10వ తేదీన ఐక్యరాజ్య సమితి ఆమోదించిన మానవహక్కుల ప్రకటనలో 21వ అధికరణము, ప్రభుత్వాధికారమునకు ప్రజాభీష్టమే ఆధారమనియు, నియతకాలమున నిజమైన ఎన్నికలు జరుగవలెననియు చెప్పుచున్నది. కాని ప్రకటనకు ఒడంబడికకుండు కట్టుబాటు లేదు. 1966లో ఆమోదము పొంది 1976లో అమలునకు వచ్చిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక తన 25వ అధికరణముతో ఆ కట్టుబాటు కల్పించినది. భారతదేశము 1979లో అందు చేరినది. బర్మా చేరలేదు, చేరని రాజ్యమును ఒడంబడిక నిలదీయజాలదు. 1991 నుండి సమితి సర్వప్రతినిధి సభ తీర్మానములు చేయుచు వచ్చినను సైనికులు కదలలేదు.

చిత్రమేమన, 25వ అధికరణమున ప్రజాస్వామ్యమను మాటయే లేదు. అదియు నొకందుకు మేలే. ఆ మాటను ఏ రాజ్యమైనను తన గుమ్మమునకు తోరణముగా గట్టుకొనగలదు. రహస్యముగ వోటు జరిగినదో లేదో దాచుట అంత సులభము కాదు. అదే అధికరణము ప్రభుత్వోద్యోగములలో సమాన ప్రవేశమును గూడ హక్కుగా జెప్పినది. కేంద్ర కార్యాలయములందు జీవితము గడపు కుటుంబములవారు ఈ సంగతి గమనింపదగును.

మరి సైన్యములతో ఈ హక్కును కాపాడవచ్చునా? హైతీలో 1990లో ఎన్నికైన అరిస్తీదును మరుసటి యేడు సైన్యము వెడలగొట్టినది. 1994 జూలై 31న భద్రతామండలి బలప్రయోగమునకు అనుమతి నొసగగా, అమెరికా సేనల అండతో ఆయన అక్టోబరులో తిరిగివచ్చెను. 2004లో తిరుగుబాటు నడుమ మరల దేశము విడువవలసి వచ్చెను. అట్టి అనుమతి బలవంతులకు సాకగునను భయము, వలసపాలన చవిచూచిన జాతులకు ఊరక కలుగలేదు.

కావలసినది సేన కాదు, సామాన్యుని అర్జీ చేరు చోటు. ఒడంబడికకు అనుబంధమైన మొదటి ఐచ్ఛిక పత్రము ప్రకారము, స్వదేశమున న్యాయము దొరకని వ్యక్తి సమితివారి మానవహక్కుల సంఘమునకు స్వయముగ మొర వినిపింపవచ్చును. ఇంత పెద్ద ఎన్నికలు నడపు భారతదేశము ఇంకను అందు చేరకుండుట సమర్థింప దగినదిగా లేదు.

2020 నవంబరులో బర్మా ప్రజలు మరల వోటువేసి సూకీ పక్షమునే గెలిపించిరి. 2021 ఫిబ్రవరి 1వ తేదీన, క్రొత్త పార్లమెంటు కొలువుదీరవలసిన నాడే, సైన్యము అధికారమును చేజిక్కించుకొన్నది. ఆ వోటర్లకు తట్టుటకు ఆ తలుపైనను లేకపోయెను.