ఒక్క రూపాయితో చూడగల లెక్క



గత ఎన్నికల ముందు ఒక అభ్యర్థి తరఫు మనుషులు మా మసీదు వరండా రేకులకు సొమ్ము ఇచ్చారు. మహల్లా అంతటికీ దావత్ కూడా పెట్టారు. మేము కాదనలేదు. ఆయన గెలిచిన పిమ్మట ఖబ్రస్తాన్ ఆక్రమణ విషయమై వెళ్లగా, "మీకు చేయవలసింది ముందే చేశాం కదా" అన్నారు. మా వద్ద జవాబు లేకపోయింది.

శాసనసభ అభ్యర్థి ఎన్నికల ఖర్చుకు చట్టం హద్దు విధించింది. మన రెండు తెలుగు రాష్ట్రాలలో 2014లో 28 లక్షల రూపాయలుగా ఉన్న పరిమితి 2022లో 40 లక్షలైంది. నామినేషన్ నాటి నుండి ఫలితం నాటి వరకు అయిన ప్రతి ఖర్చునూ అభ్యర్థి వ్రాయాలి. షామియానా, వాహనం, భోజనం అన్నీ అందులోకి వస్తాయి. ఫలితం వెలువడిన 30 రోజుల్లో ఆ లెక్కను జిల్లా ఎన్నికల అధికారికి అప్పగించాలి. సకారణం లేకుండా సక్రమమైన లెక్క ఇవ్వనివారిని ఎన్నికల సంఘం మూడేళ్లపాటు అనర్హులుగా ప్రకటించవచ్చు. ఉత్తరప్రదేశ్ శాసనసభ్యురాలు ఉమ్లేశ్ యాదవ్‌పై 2011లో అట్లే వేటు పడింది. ఆమె లెక్కలో చూపనిది వార్తల రూపంలో వేయించుకున్న ప్రచారానికి అయిన ఖర్చు. ఇక ఓటు కోసం ఇచ్చే సొమ్ము ఖర్చు కాదు, లంచం. ఇచ్చినవారూ, పుచ్చుకొన్నవారూ ఇద్దరూ నేరస్థులే. మన దీన్ చెప్పేదీ అదే.

ఆ లెక్కను ఎవరైనా ఒక్క రూపాయి రుసుముతో చూడవచ్చు. ఎన్నికల నిర్వహణ నియమాలలోని 88వ నియమం ఈ హక్కునిచ్చింది. మేమూ వెళ్లి చూశాం. అందులో మా దావత్ లేదు, మా రేకులూ లేవు. ఆ లెక్కలో లేని రేకుల కిందనే మేము ఐదు పూటలా నమాజు చేస్తున్నాం.

మేము వెళ్లేసరికి ఆలస్యమైంది. ఎన్నికల పిటిషన్‌కు ఫలితం నాటి నుండి 45 రోజులే గడువు. లెక్క దాఖలుకే 30 రోజులు పోతే, మిగిలేది 15 రోజులు. పైగా పిటిషన్ వేద్దామన్నా, పుచ్చుకొన్నవారిలో మేమూ ఉన్నాం.

కావున మూడు పనులు చేద్దాం. ఎన్నికల ప్రకటన నుండి ఫలితం వరకు మసీదు కమిటీలు ఏ అభ్యర్థి చందానూ స్వీకరించరాదు. రేకులైనా, గోడైనా మన చందాలతోనే నెమ్మదిగా కట్టుకుందాం. ఓటు అడుగ వచ్చినవారిని వక్ఫ్ భూమిని గురించి, మన పిల్లల స్కాలర్‌షిప్పులను గురించి అడుగుదాం. ఫలితం వచ్చిన 31వ నాడు ప్రతి మహల్లా నుండి చదువుకున్న యువకులిద్దరు కలెక్టరు కార్యాలయానికి వెళ్లి లెక్క చూడాలి.

ఓటు మన చేతిలోని అమానత్. అమానత్‌ను అమ్ముకున్నవారికి నిలదీసే నోరు ఉండదు. ఆ సంగతి మేము ఆలస్యంగా తెలుసుకున్నాం. మీరు ముందే తెలుసుకోవాలని కోరుతున్నాం.