ఎన్నో ముద్రణ? ఏ కూర్పు?

నల్లగొండ, పాలమూరు జిల్లాల చరిత్ర రాసేవాళ్లం ఒకచోట కూడితే శాసనాల గురించో సంస్థానాల గురించో మాట్లాడుకోవడం రివాజు. ఈ పూట ముఖపత్రం వెనక పేజీ గురించి మాట్లాడతాను.

మన ప్రచురణకర్తలు అక్కడ 'ద్వితీయ ముద్రణ' అని వేసి ఊరుకుంటారు. పాత పేజీలను స్కాన్ చేసి ఉన్నదున్నట్టు వేసిందీ అదే, అచ్చుతప్పులు దిద్ది వేసిందీ అదే, రెండు అధ్యాయాలు చేర్చిందీ అదే! మొదటి రెండూ పునర్ముద్రణలు. మూడోది కొత్త కూర్పు. దానికి ఐఎస్‌బీఎన్ కూడా కొత్తది తీసుకోవాలి. మన దేశంలో దాన్ని ఉచితంగానే ఇస్తారు కనుక ఖర్చన్న సాకు చెల్లదు.

'కన్యాశుల్కం' 1897 ప్రతినీ 1909 ప్రతినీ పక్కపక్కన పెడితే రెండు నాటకాలు చదివినట్టుంటుంది. తిరగరాసింది గురజాడే కనుక పేచీ లేదు. బ్రౌన్ సంగతి వేరు. ఆయన 1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును 1903లో సవరించి వేసేనాటికి ఆయన పోయి 19 ఏళ్లు. సవరించిన వెంకటరత్నం, క్యాంబెల్, వీరేశలింగంల పేర్లు ముఖపత్రం మీదే వేశారు. లేని రచయిత పుస్తకం మీద చెయ్యి వేసేటప్పుడు పాటించాల్సిన మర్యాద అది.

ఇది మనకెందుకంటారా? మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1953లో కన్నుమూశారు. చట్టం ప్రకారం ఆయన రచనల మీద కాపీరైటు 2013తో ముగిసింది. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను ఇప్పుడెవరైనా వేసుకోవచ్చు. వేసుకోవచ్చన్నారు కదా అని చెప్పాపెట్టకుండా దిద్దుకోవచ్చని కాదు.

జిల్లాల చిక్కు ఇంకొకటి. 2016 అక్టోబర్ 11న ఆలంపురం జోగులాంబ గద్వాలకు, కొలనుపాక యాదాద్రి భువనగిరికి, పిల్లలమర్రి గుళ్లు సూర్యాపేటకు పోయాయి. (మహబూబ్‌నగర్ పిల్లలమర్రి, ఆ పెద్ద మర్రిచెట్టు, కదలలేదు లెండి, పదసూచిక చేసేవారు ఈ రెంటినీ కలిపెయ్యకూడదు.) పాత పుస్తకాన్ని మళ్లీ డీటీపీ చేయిస్తూ 'మహబూబ్‌నగర్ జిల్లా ఆలంపురం' అన్నచోట కొత్త జిల్లా పేరు పెట్టేస్తే, ఎప్పుడో పోయిన రచయిత చేత 2016 నాటి మాట అనిపించినట్టవుతుంది. పైగా పేజీలు మారతాయి; పాత ప్రతి చూసి పరిశోధకుడిచ్చిన పేజీ సంఖ్య కొత్త ప్రతిలో పనికిరాదు. మూలం ముట్టుకోకుండా, కొత్త జిల్లా పేరు అధోజ్ఞాపికలో సంపాదకుడి గుర్తుతో ఇవ్వాలి. పాత పుట సంఖ్యలు అంచున వేస్తే ఇంకా మేలు. ఒక్క ముందుమాట తగిలించి అట్ట మీద 'పరిష్కృత ప్రతి' అని వేయడం మాత్రం మోసమే. పాత ప్రతి బీరువాలో ఉండగానే గ్రంథాలయం మళ్లీ డబ్బు పోస్తుంది.

ఇక్కడ ప్రచురణకర్తలున్నారు, సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకునే రచయితలూ ఉన్నారు. తొలి ముద్రణ ఏడాది, ఈ ప్రతిలో మారిందేమిటి, మార్చిందెవరు: ఈ మూడూ వచ్చే పుస్తకం నుంచే వేయండి. నాలుగు పంక్తులకు మించదు.